పొగ పోయేదాకా

మణుగూరు బొగ్గు కాలనీలో పొద్దు వాలేటప్పుడు ఒక అరగంట ఉండేది. గడియారం లెక్కలో అది అయిదున్నరకూ ఆరుకూ మధ్య. ఆడవాళ్ల లెక్కలో మాత్రం దాని పేరు "పొగ పోయేదాకా". పచ్చి బొగ్గు వేసి కుంపటి ముట్టిస్తే మొదట వచ్చేదంతా పొగే. అది ఇంట్లో సుడి తిరిగితే కళ్లు మిగలవు. అందుకని అందరూ కుంపట్లు పెరట్లో పెట్టి, నిప్పు ఎర్రబడేదాకా పిట్టగోడల దగ్గర నిలబడేవాళ్లు. అన్ని పెరళ్ల పొగా కలిసి, వెనక అడవిలోంచి దిగే వానాకాలపు మంచుతో పొత్తు కుదుర్చుకునేది. మనుషులు నడుము పైభాగం వరకే కనిపించేవాళ్లు. కాలనీ మొత్తం నేల మీంచి జానెడు పైకి లేచి, ఎటైనా పోదామా అని ఆలోచిస్తున్నట్టుండేది.

ఆ పొగలో రోజూ ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఏం వండుతున్నవ్?"

అందరూ అందరినీ అడిగేవాళ్లు గానీ, జవాబు కోసం చూసేది నిర్మలాదేవి వైపు. మధిర దగ్గరి పల్లెటూరి పిల్ల. గనిలో ఫిట్టరు వెంకటరామారావును చేసుకుని ఆ కాలనీకి వచ్చి నాలుగేళ్లయింది. వచ్చిన ఏడాదికే ఆమె చేతి వంట పేరు వీధి చివరిదాకా పాకింది. అంతకంటే ఎక్కువగా ఆమె నోటి వంట పేరు పాకింది. ఇంట్లో ఏమున్నాయో చెబితే చాలు, ఆమె వంట చెప్పేది కాదు, విస్తరి వేసి వడ్డించేసేది.

"రెండు వంకాయలున్నయ్ అక్కా, అంతే," అనేది ఎడమవైపు ఇంటి చాంది. తండా నుంచి కాపురానికొచ్చిన చిన్నపిల్ల, గనిలో పనిచేసే రూప్లా భార్య.

"రెండు చాలవా ఏం? ఈ నిప్పు మీదే కాల్చు. తొక్క నల్లబడి, తొడిమ దగ్గర నీళ్లు బుస్సుమని రావాలి. ఊదుకుంటూ ఒలిచి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు రసం పోసి చేత్తో పిసుకు. చెంచా పెట్టావంటే ఊరుకోను. బెల్లం ఇంత, గోరంత. అన్నంలో పోసుకుంటే మొదట పులుపు పలకరిస్తుంది, గుటక పడ్డాక కాల్చిన వాసన వెనకనుంచి వస్తుంది."

చాంది గుటకలు వేసేది. కుడివైపు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డ భారతమ్మ కూడా వేసేది. ఆమెది తిరుమలాయపాలెం, కొడుకు ఉద్యోగంతో ఇక్కడికి వచ్చిన పెద్దావిడ. ముప్పై ఏళ్లు వంట చేసిన మనిషి కూడా నిర్మల మాట వినకుండా కుంపటి లోపలికి తీసుకుపోయేది కాదు.

వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. జ్యేష్ఠంలో వచ్చిన టైఫాయిడ్ జ్వరం తగ్గుతూ తగ్గుతూ నిర్మల వాసననూ రుచినీ పట్టుకుపోయింది. ఉప్పు, కారం, బొగ్గు పొగ, తడిసిన టేకాకు, అన్నీ ఒకటే. దవాఖానాలో డాక్టరు "వస్తుందమ్మా, ఎప్పుడంటే చెప్పలేను" అన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా. ఆవాలు చిటపటలాడే చప్పుడు విని, అంచుల వెంట నూనె తేలడం చూసి, ఉప్పు చిటికెలు లెక్కపెట్టి వండుతోంది. గోడ దగ్గర చెప్పేదంతా జ్ఞాపకం లోంచి తీసి చెబుతోంది.

భయమల్లా ఆ జ్ఞాపకం గురించే. అదీ కొంచెం కొంచెంగా తరిగిపోతోంది. మొదట మజ్జిగలో కరివేపాకు వాసన పోయింది. తర్వాత కొత్త ఆవకాయ. ఒక మధ్యాహ్నం కునుకులో ఆమె కాలనీలోని వంటిళ్లన్నీ తిరిగింది. ఒక్కో గిన్నె మూత తీస్తోంది. తెల్లటి ఆవిరి పైకి లేచి చూరు దాటి అడవిలోకి పోతోంది. ఏ ఆవిరికీ వాసన లేదు. చివరి మూత తీస్తే లోపల అమ్మ చేసిన గోంగూర ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది, నోట్లో పెట్టుకుంటే తడి కాగితం. మెలకువ వచ్చాక కూడా ఎంత తలుచుకున్నా గోంగూర అన్న మాటే మిగిలింది, రుచి రాలేదు. ఆ జ్ఞాపకాలూ ఖాళీ అయితే తను గోడ దగ్గర నిలబడి ఏం చెబుతుంది? ఏం చెప్పలేనిదాన్ని వీళ్లెందుకు పిలుస్తారు? ఆమెకు చెప్పలేనంత దిగులేసింది.

శ్రావణంలో చాంది తన పాదు మొదటి కాపు బీరకాయలు నాలుగు తెచ్చి ఇచ్చింది. నిర్మల అలవాటు ప్రకారం ఒక్కో కాయ కొస కోసి నోట్లో వేసుకుంది. బీరకాయ చేదు చూడకుండా వండే ఆడది ఆ జిల్లాలో లేదు. నమిలింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఆమెకు మామూలే కదా, ముక్కలు గిన్నెలో వేసి పాలు పోసి కమ్మగా ఉడికించింది. మొగుడు అప్పటికే రెండో షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఒక గిన్నె చాందికి, ఒక గిన్నె భారతమ్మకు గోడ మీంచి అందించింది.

అయిదు దాటాక ముత్తక్క వచ్చింది. వారానికోసారి అడవి ఊరి నుంచి టేకాకు పొట్లాల్లో బోడకాకరకాయలో పుట్టగొడుగులో తెచ్చే మనిషి. నిర్మల ఆమెకు వెనక అరుగు మీద అన్నం పెట్టి బీరకాయ కూర వేసింది. ముత్తక్క ముద్ద నోట్లో పెట్టుకుంది, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"ఇదేందమ్మా, ఇసం లెక్క చేదున్నది! కోసేటప్పుడు నోట్లె పెట్టి సూడలేదా?"

"చూశాను ముత్తక్కా," అంది. "చూశాను గానీ నాకేం తెలియలేదు."

రెండు నెలలుగా దాచిన మాట అలా, ఎంగిలి విస్తరి ముందు, బయటపడిపోయింది. ముత్తక్క నోరు కడుక్కుని ఆమె మొహం చూస్తూ కూర్చుంది.

నిర్మల పరుగున చాంది వాళ్ల గోడ దగ్గరికి వెళ్లింది. అప్పుడే కుంపట్లు ముట్టిస్తున్నారు. చాంది కడిగిన గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. "మస్తుగుండె అక్కా కూర. రూప్లా గిన్నె నాకిండనుకో."

చాంది వెనక, బీరపాదు మొదట్లో, కూర కుప్పగా పడి ఉంది. కోడి ఒకసారి ముక్కుతో పొడిచి, మళ్లీ ఆ వంక చూడకుండా వెళ్లిపోయింది.

"కోడి కూడా ముట్టలేదు చాందీ."

చాంది తల దించుకుంది. కుడివైపు గోడ మీంచి భారతమ్మే అందుకుంది. "దాని మీద కోపం చెయ్యకు బిడ్డా. మాకు ఎప్పటి సందో ఎర్కనే. ఆషాఢంల పాలు పొంగి నిప్పుల పడి మాడితే వాడంత వాసనొచ్చింది. నువ్వు పక్కనే కూసోని తల దువ్వుకుంటున్నవ్. గప్పుడే సమజైంది."

"తెలిసీ రోజూ ఎందుకడిగారు మరి? నాతో అబద్ధాలు చెప్పించి నవ్వుకున్నారా?"

"గట్ల గాదక్కా..." అంటోంది చాంది. నిర్మల వినలేదు. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. కోపమో అవమానమో ఆమెకే తెలియదు, ఏడుపు మాత్రం ఆగలేదు.

పొద్దున మొగుణ్ని అడిగింది. "మీకూ తెలుసా?"

వెంకటరామారావు చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగాడు. "ఉప్పెక్కువైన రోజు నాలుగు గుక్కల నీళ్లెక్కువ తాగుతాను. అంతే కదా," అన్నాడు.

రెండు సాయంత్రాలు ఆమె కుంపటి వీధి వాకిట్లో ముట్టించుకుంది. పెరటి వైపు తలుపు తీయలేదు. మూడో రోజు అదీ ముట్టించలేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. సందుల్లోంచి పొగ సన్నగా లోపలికి వస్తూంటే చూస్తోంది. పొగతో పాటు మాటలూ వచ్చాయి. మామూలుగా అయితే అంత గట్టిగా మాట్లాడుకోరు.

"మా ఇంట్ల బోడకాకరకాయ వేపుడు," భారతమ్మ బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. "ముత్తక్క తెచ్చిన కాయలు. పైన కరకరలాడతది, లోపల గింజలు మెత్తగ. జరంత చేదు, మంచి చేదు. మొన్నటి బీరకాయ అసొంటిది గాదు."

"గది ఇప్పుడెందుకత్తా?" చాంది గొంతు. "మా ఇంట్ల గోంగూర."

"ఎట్లుంటదో చెప్పు."

"పుల్లగుంటది."

"గంతేనా? లోపలున్న పిల్లకు గది సరిపోతదా? ఇన్ని దినాలు అది మనకు గట్లనే చెప్పిందా?"

"అంటే... చింతపండు పులుపు లెక్క."

లోపల నిర్మల తల ఎత్తింది. చింతపండు లెక్కా? ఎక్కడి పోలిక! చింతపండు నాలుక అంచుల్ని పట్టుకుంటుంది, గోంగూర పళ్లను పట్టుకుంటుంది. పులుపుకు ముందే ఒక వగరు వస్తుంది, తుప్పు పట్టిన గొళ్లెం ముట్టుకున్న చేతి వాసనలాంటిది. ఆ వగరును ఎండుమిర్చి కారం తరిమేశాక అప్పుడు, అప్పుడు గానీ రాదు పులుపు. అమ్మ రోట్లోంచి తీసి పెట్టిన మొదటి ముద్దలో...

వచ్చేసింది. నోట్లోకి కాదు. నోటిలో ఇప్పటికీ ఏమీ లేదు. కానీ కలలో తడి కాగితమైన ఆ గోంగూర, ఏ మూలన పడి ఉందో గానీ, మొత్తంగా తిరిగి వచ్చింది. ఎవరో తప్పుగా చెబితే గానీ రానంత లోపల ఉంది.

ఆమె గడియ తీసింది.

"చింతపండులా కాదు," అంది పొగలోకి. "ముందు వగరు. తర్వాత కారం. పులుపు ఆఖర్న."

రెండు గోడల మీంచీ రెండు తలలు ఇటు తిరిగాయి. భారతమ్మ పొగ వల్లనో మరి దేనివల్లనో కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాంది అంది, "గందుకే అడిగేది అక్కా. నువ్వు చెప్పకముందు నాకు కూరంటే ఉడికిన ఆకే."

నాలుగేళ్లుగా ఆ గోడ దగ్గర నిర్మల ఒక్కసారి కూడా అనని మాట ఒకటుంది. ఇప్పుడు అనేసింది.

"ఇవాళ నేనేం వండుకోను?"

ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. గోంగూర పప్పన్నది చాంది, కాదు పచ్చడే అన్నది భారతమ్మ. తగువు తెగేలోపు చాంది గోడ మీంచి ఒక కట్ట ఆకు అందించింది, కాస్త నిప్పు కూడా. ఆ రోజు పొగ పోయినా ఎవరూ కుంపట్లు లోపలికి తీసుకుపోలేదు. నిర్మల గోడ పక్కనే కూర్చుని పప్పు ఎనిపింది, పోపు పెట్టింది. ఆవాల చప్పుడు విన్నది. తర్వాత చిటికెలు లెక్కపెట్టబోయి, ఆగి, గరిటె తీసుకుని లేచింది.

"చెయ్యి పట్టు చాందీ. ఉప్పు చూడు."

చాంది అరచేతిలో పడ్డ పప్పును ఊదుకుని, నాకి, కళ్లు మూసుకుంది. భారతమ్మ కూడా అటు గోడ నుంచి మెడ చాచి చూస్తోంది. నిర్మల గరిటె పట్టుకుని చాంది మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఇంకొక్క చిటికెడు అక్కా," అంది చాంది.

నిర్మల వేసింది.