చంద్రవంక రాజ్యం ఎంత దూరం

బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగినప్పటి నుంచి గీతాంజలి గడప దాటలేదు. ఎముక అతుక్కుంది, ఇక నడవమని డాక్టరు చెప్పాడు. భయమే పోలేదు. జనగామలోని ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఒక నవల మొదలుపెట్టింది. చంద్రవంక అనే రాజ్యం, అందులో ఎగిరే ఏనుగులు, మాట్లాడే వాగులు. రాసిందల్లా అత్త లీలావతికి చదివి వినిపించేది.

ఒకనాడు యువరాణి పడమటి కోటలో గుర్రమెక్కి, మధ్యాహ్నానికల్లా తూర్పు అడవి చేరే ఘట్టం వచ్చింది. చిక్కుడుకాయలు తుంచుతున్న లీలావతి చెయ్యి ఆపింది.

"గంత జల్ది ఎట్ల పోయిందే? నీ రాజ్యం ఎంతుంటది అసలు?"

"పెద్దదే అత్తమ్మా."

"పెద్దదంటే? మహబూబాబాద్ దాకనా, భూపాలపల్లి దాకనా?"

గీతాంజలి ఫోన్‌లో మ్యాపు తెరిచింది. కోట జనగామ అనుకుంటే అడవి గంగారం అయింది, నల్లరాతి గనులు భూపాలపల్లి అయ్యాయి, దక్షిణపు సంత మరిపెడ దగ్గర పడింది. ఆమెకు ఉసూరుమనిపించింది.

"గింతేనా! ప్రపంచమంత ఉంటదనుకున్న."

"గింతేనా అంటవేంది? గంగారం చూసినవా నువ్వు?"

"లే."

"నేను సుత చూడలే. ఐతారం నా కొడుక్కు సెలవే కద, పోదాం పా."

కాలు నొప్పి అని చెప్పి చూసింది. అత్త వినలేదు.

ఆదివారం పొద్దున్నే భర్త నితిన్ కారు తీశాడు. లారీ ఎదురొచ్చినప్పుడల్లా గీతాంజలి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. మహబూబాబాద్ దాటేసరికి పట్టుకోవడం మరిచిపోయింది. కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరుతోంది. ఎంత పోయినా ఊళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఎంత పోయినా చెట్లే.

గంగారంలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది.

"కారుకే ఇంతసేపు పట్టింది. నీ గుర్రం నోట్లె నురుగొచ్చి పడిపోతది," అన్నాడు నితిన్.

గీతాంజలి పకపకా నవ్వింది. ఇప్పపూల వాసన వస్తున్న బాట వెంట నడిచింది. నవలలో ఈ దారంతా ఒక్క వాక్యంలో దాటించేసింది తను. ఇక్కడ ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. వెనక్కి చూస్తే కారు కనబడలేదు, అత్త రొప్పుతూ వస్తోంది.

"అత్తమ్మా, యువరాణి ఒక్క పూటల చేరలేదు. నడుమ ఏదో ఊర్లె ఆగాలె, ఎవలో ఒకలు ఇంత అన్నం పెట్టాలె."

"పెట్టనీ. ముందుగాల నన్ను జర కూసోనియ్యి!"

మర్నాటి నుంచి ఆ ఒక్క వాక్యం అధ్యాయాలుగా పెరిగింది. వచ్చే ఆదివారం భూపాలపల్లి పోదామని ఈసారి గీతాంజలే అడిగింది.