మాట చెప్తేనే కలుపుతారు

"ఫోనుకి పెట్టిన మాట తీయించేశాను. ఇంక ఎవరితో కావాలంటే వాళ్ళతో మాట్లాడుకో," అన్నారు మా ఆయన, నేను ఆవకాయకి కాయలు తుడుస్తుంటే.

ఎనభై మూడులో మా అమ్మాయి కృష్ణవేణి కులం కాని మేష్టారిని చేసుకుని ఖమ్మం వెళ్ళిపోయిన రోజే, ఆయన ఎక్స్ఛేంజిలో చెప్పి పెట్టించిన మాట అది. ఆ మాట చెప్తేనే మా ఇంటినుంచి బయటికి లైను కలుపుతారు, బయటినుంచి ఇంటికీ అంతే. వ్యాపారులకి చెప్పి ఉంచారు, నాకు తప్ప. తను చెప్పేటప్పుడు రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. మూడేళ్ళు ఊహిస్తూనే ఉన్నాను. ఆయన తోటకి వెళ్ళగానే ఫోనెత్తి, దొంగతనం చేస్తున్నదానిలా గొంతు తగ్గించి ఒక్కో మాటా చెప్పేదాన్ని. "కాదండీ అమ్మగారూ," అనేది ఆపరేటరు సరోజ. ఆయనకెలా తెలిసిందో, ఓ మధ్యాహ్నం బొంబాయి షావుకార్లకి నేను వడ్డిస్తుండగా, "మా ఆవిడ నిన్న చెరుకురసం అందట, ఇవాళ సువర్ణరేఖ! కాయల పేర్లయ్యాక గొడ్ల పేర్లు మొదలెడుతుంది," అన్నారు. అందరూ నవ్వారు. నేను పప్పు వడ్డించాను.

ఇప్పుడు చేతులు చీరకి తుడుచుకుని పరిగెత్తాను. వాళ్ళ పక్కింటి నంబరు, నా చేతికందిన ఒకే ఒక్క ఉత్తరంలోది, నోటికే ఉంది. సరోజ ఏమీ అడక్కుండా కలిపింది. అల్లుడు వచ్చాడు.

"వేణి పోయి పన్నెండో రోజు కూడా అయిపోయిందండీ. కామెర్లు. ఆస్పత్రినుంచి మూడుసార్లు చేశాం. మాట చెప్పమన్నారు. వేణి తనకి తోచినవన్నీ చెప్పింది. మామగారికి టెలిగ్రాం ఇచ్చానే, అందలేదా?"

అతను పెట్టేశాక కూడా లైన్లో ఎవరో ఏడుస్తున్నారు. సరోజ.

"ఫోను మీ పేరున ఉందండీ అమ్మగారూ. మీరు కాగితమ్మీద రాసిస్తే ఏనాడో తీసేసేవాళ్ళం. అయ్యగారికి భయపడి చెప్పలేదు."

నా పేరున. భూపరిమితి చట్టానికి జడిసి తోట నా పేర పెట్టినప్పుడు ఆయన వేటివేటిమీదో నాచేత సంతకాలు పెట్టించుకున్నారు. పొట్లాం కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని, ఆ కాగితాలు మాత్రం చదవలేదు. ఆ మాటేంటో సరోజని అడగలేదు.

మర్నాడు ఎక్స్ఛేంజికి నడిచి వెళ్ళాను. కాయ కోతలో ఉంది, బొంబాయినుంచి ఫోను రాకపోతే లారీ కదలదు. ఈ నంబరుకి మళ్ళీ మాట పెట్టమని రాసి, సంతకం చేసి, సరోజకి ఇచ్చాను.

"ఏం మాట పెట్టమంటారండీ?"

"ఇంకా అనుకోలేదమ్మా. అనుకునేదాకా ఎవరికీ కలపకు."