కింది వాటా, పై వాటా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన జన్మలో అద్దె ఇల్లు మారి ఉండడు. మారి ఉంటే ఆ రెండిటికన్నా ముందు దాన్నే చెప్పేవాడు.

నాది గిన్నెల కొట్టు. కొట్టు వెనక వీధిలో ఒక మేడ ఉంది. కింది వాటాలో మేము అద్దెకుంటున్నాం, పై వాటాలో ఇంటి యజమానురాలు ఉంటుంది. ఆవిడ బళ్లో పాఠాలు చెప్పడం మానేసి చాలాకాలమైనా వీధి మొత్తానికీ ఇప్పటికీ టీచరమ్మే. మేమంటే నేను, నా భార్య, మా అక్క.

నాన్న పోయాక కొట్టును నిలబెట్టింది అక్కే. గిన్నెను వేలితో మీటి, ఆ మోతను బట్టి రేకు మందం చెప్పేసేది. పెళ్లి మాట ఎత్తితే, "ముందు ఈ తపేలాలకి సంబంధాలు చూడనీరా" అనేది. కొన్నేళ్ల కిందట అక్క కళ్లలో ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతూ వచ్చింది. చేయించాల్సిన వైద్యమంతా చేయించాం. చివరికి వెలుగుకీ చీకటికీ మధ్య తేడా మాత్రం మిగిలింది.

చూపు పోతున్న ఆ రోజుల్లోనే అక్క ఇంటిని నేర్చుకుంది. ఏ గోడ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ గడప ఎంత ఎత్తో, పొయ్యి దగ్గరి అరలో చక్కెర డబ్బా ఎటుందో కళ్లున్నప్పుడే చేతులకి అప్పజెప్పింది. అందుకే ఈ ఇంట్లో అక్కకి చూపు లేదని కొత్తవాళ్లు కనుక్కోవడానికి కాసేపు పడుతుంది. తనే టీ పెట్టుకుంటుంది, బట్టలు ఆరేస్తుంది. నేను చెప్పులు అడ్డంగా వదిలితే నాలుగు తిట్టి పక్కకి తంతుంది.

ఇక నా సంగతి. వ్యాపారంలో నాన్న నేర్పిన మొదటి పాఠం, కొనేటప్పుడు సరుకును మెచ్చుకోకూడదని. ఎంత నచ్చితే అంత ముఖం చిట్లించాలి. అద్దె కూడా కొనుగోలే కదా అని నా లెక్క. ఏటా టీచరమ్మ అద్దె పెంచే వేళకి ఆవిడ నోరు తెరవకముందే నేను మెట్లెక్కి పైకి వెళ్లేవాణ్ని.

"వెనక గది గోడ చెమ్మ పడుతోందండీ టీచరమ్మగారూ."

ఇది పూర్తిగా అబద్ధం కాదు. ఒక ఏడాది గోడలో పైపు పగిలింది. నేనే మనిషిని పిలిచి బాగు చేయించాను, గోడ వారంలో ఆరిపోయింది. పై వాటాలో మాత్రం ఆ చెమ్మను ఏళ్ల తరబడి ఆరకుండా కాపాడుకుంటూ వచ్చాను. దానికి తోడు ఒక ఏడాది చీకటి కలిపాను, ఒక ఏడాది దోమలు, ఒక ఏడాది మురుగు వాసన. "మనిషిని పంపి బాగు చేయిస్తాను తమ్ముడూ" అని ఆవిడంటే, "మీకెందుకండీ ఆ ఖర్చు? మేం ఎలాగో సర్దుకుంటాం. అద్దె సంగతి కాస్త చూడండి, చాలు" అనేవాణ్ని. ఆవిడ కిందికొచ్చి చూసుకునే ప్రమాదం లేదు. అద్దెకిచ్చాక ఆ గుమ్మం తనది కాదని ఆవిడ నియమం. వాకిట్లో నిలబడి పలకరించేది గానీ, రమ్మన్నా లోపలికి వచ్చేది కాదు. ఆ నియమం మీద నేను బాగానే లాభం చేసుకున్నాను.

ఒక ఆదివారం టీచరమ్మ పైకి రమ్మని కబురంపింది. కుర్చీలో కూచుని రెండు మోకాళ్లకీ వేడినీళ్ల సంచులు పెట్టుకుని ఉంది.

"నీకు ముందే చెప్పడం ధర్మం తమ్ముడూ. ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. ఈ మెట్లు ఇక నా వల్ల కావు. ఎక్కడైనా కింది అంతస్తులో రెండు గదులు చూసుకుంటాను."

"కొనేవాళ్లు మమ్మల్ని ఉండనిస్తారా అండీ?"

"అడిగాను. పళ్ల డాక్టరమ్మ ఒకావిడ చూస్తానంటోంది. పైన కాపురం, కింద క్లినిక్ పెట్టుకుంటుందట."

నేనే కొందామా అంటే, నా ఆస్తంతా కొట్లో గిన్నెల రూపంలో బోర్లా పడుకుని ఉంది. ఇంకేమీ అడగలేదు. నా లెక్కలో మా అక్క ఒక్కతే ఉంది, టీచరమ్మ మోకాళ్లు లేవు.

ఇళ్ల వేట మొదలుపెట్టాం. కొట్టుకి దగ్గర్లోనే ఒకటి దొరికింది. గాలీ వెలుతురూ ఉన్నాయి, అద్దె ఫరవాలేదు. అక్కని తీసుకెళ్లాం. ఇంటాయన గుమ్మంలోనే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎంతమంది ఉంటారు, చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు, గోడలకి మేకులు కొడతారా అని. నా భార్య జవాబు చెబుతూ ఉండగా అక్క నా చెయ్యి వదిలి తనంతట తను లోపలికి అడుగేసింది. అక్కడ గడప ఎత్తుగా ఉంది. మోకాటి కింద ఎముకకి కొట్టుకుంది. తమాయించుకుని పక్కకి జరిగితే తలుపు అంచు నుదుటికి తగిలింది.

"చూసుకుని నడవాలమ్మా" అన్నాడు ఇంటాయన.

మామూలుగా అయితే అక్క ఆయనకి బదులు చెప్పకుండా ఊరుకోదు. ఆ రోజు ఊరుకుంది. దారి పొడుగునా నా భుజం గట్టిగా పట్టుకుని నడిచింది. ఇంటికొచ్చాక నా భార్య మంచినీళ్లిస్తే తాగి, "నాకేముందే? కొత్తింట్లో నాకో మూల కుర్చీ వెయ్యండి, చాలు. అందులోనే కూచుంటాను" అంది.

నా భార్య గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది, కాసేపటిదాకా బయటికి రాలేదు. నేను కొట్టుకి వెళ్లాను గానీ ఆ పూట ఎవరికి ఏం అమ్మానో నాకు తెలీదు. ఇరవై ఏళ్లు కొట్టు నడిపిన మనిషి కుర్చీలో కూచుంటానంటోంది.

ఆ తర్వాతి వారం పళ్ల డాక్టరమ్మ ఇల్లు చూడ్డానికి వచ్చింది. చురుకైన మనిషి. ఫోనులో ప్రశ్నలు రాసుకుని మరీ వచ్చింది. పైనంతా చూసి కిందికి దిగింది. ఆవిడ వెనకే ఒక చేత్తో మెట్ల కటకటాలు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, మెట్టుకో నిట్టూర్పు చొప్పున టీచరమ్మ కూడా దిగింది. దిగినావిడ గుమ్మం బయటే ఆగిపోయింది. నా భార్య కుర్చీ తెచ్చి, "ఇవాళ మీ ఇల్లు మీరే చూపిస్తున్నారు, లోపల కూచోవాల్సిందే" అని బలవంతాన ముందుగదిలో కూచోబెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ మా గడప దాటడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "కింద ఉండేది మీరు కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. మీటరు వేరేనా? నీళ్ల మోటారు ఉమ్మడా? గోడలకి చెమ్మ ఉందా?"

నా వ్యాపార బుద్ధి ఒక్కసారిగా మేలుకుంది. చెమ్మ ఉందని ఒక్క ముక్క అంటే చాలు, బేరం చెడుతుంది. పైగా టీచరమ్మకి ఇన్నేళ్లుగా చెబుతున్నదే కదా, కొత్తగా ఆడే అబద్ధం కూడా కాదు. "చెమ్మంటే..." అని మొదలుపెట్టాను.

"చెమ్మేమిటి, ఈ ఇంట్లోనా?" లోపల్నుంచి అక్క వచ్చేసింది. పై వాటాలో నా ఫిర్యాదుల వ్యాపారం సంగతి అక్కకి తెలీదు. తెలిస్తే నా వీపు పగిలేది. "రండమ్మా, నేను చూపిస్తాను. మావాడికి గిన్నెల గురించే తెలుసు."

నేను వద్దన్నట్టు అక్కకి కళ్లతో సైగ చేశాను. చేశాక గుర్తొచ్చింది ఎవరికి చేస్తున్నానో. గట్టిగా దగ్గాను.

"గొంతులో ఏం పడిందిరా? వెళ్లి నీళ్లు తాగు" అని అక్క డాక్టరమ్మని వెనక గదికి తీసుకుపోయింది. అక్కడ గోడ మీద అరచెయ్యి ఆనించింది. "మీరూ చెయ్యి పెట్టి చూడండి. వానల్లో కూడా ఇలాగే ఉంటుంది. పొద్దున్న ఎండ ఈ కిటికీలోంచి వచ్చి ఇదుగో, ఇక్కడిదాకా కాళ్ల మీద పడుతుంది."

"దోమలు?"

"సాయంత్రం తలుపు వేసుకుంటే ఒక్కటి కూడా రాదు."

"మురుగు వాసన?"

"నాకు మిగిలింది ముక్కూ చెవులేనమ్మా. వాసనుంటే అందరికన్నా ముందు నేనే చెబుతాను."

డాక్టరమ్మ అప్పుడు గమనించినట్టుంది. కాస్త మెత్తగా అడిగింది. "ఇంత బాగుంటే మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?"

"మేం చెయ్యడం లేదు, మీరు చేయిస్తున్నారు" అని నవ్వింది అక్క. "పాపం టీచరమ్మకి మెట్లు పడడం లేదు. ఆవిడకి మంచి ధర ఇవ్వండి. ఇంతకన్నా మంచి ఇల్లు మీకు దొరకదు."

తను ఉండాలనుకున్న ఇంటిని తనే అమ్మిపెడుతోంది. నేను గుమ్మానికి ఆనుకుని కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాను.

"తమ్ముడూ" అని పిలిచింది టీచరమ్మ. బళ్లో వెనక బెంచీ వాణ్ని లేపే గొంతు అది. "ఆ గోడకి చెమ్మ లేదా?"

"ఇప్పుడు... లేదండీ."

"ఇప్పుడంటే?"

"పైపు బాగు చేయించాక లేదండీ."

"పైపు ఎప్పుడు బాగు చేయించావు?"

నా భార్య, "అబ్బో, చాలా ఏళ్లయిందండీ. ఎందుకూ?" అంది అమాయకంగా.

"మరి చీకటీ? దోమలూ?" టీచరమ్మ కర్ర నేల మీద టకటకలాడించింది. "ఏం మనిషివయ్యా నువ్వు! కిందికొచ్చి ఉందామని నేనెన్ని సార్లు అనుకున్నానో తెలుసా? మోకాళ్ల వాతానికి చెమ్మ విషమన్నాడు డాక్టరు. కిందంతా చెమ్మే అంటివి నువ్వు! అందుకనే కదా కట్టుకున్న ఇల్లు అమ్ముకోవడానికి సిద్ధపడ్డాను!"

అక్క ముఖం నా వైపు తిరిగింది. అంత సూటిగా చూపున్నవాళ్లు కూడా చూడలేరు.

"అద్దె కోసం ఆవిడకి ఇవన్నీ చెప్పావట్రా?"

"అద్దె కోసమే."

"నాన్న చెప్పింది కొనేటప్పుడు రా. తిన్న ఇంటి మీద కాదు."

తిట్లు పడుతూనే ఉన్నాయి. నా బుర్ర మాత్రం వేరే లెక్కలో పడింది. ఒకవైపు, మెట్లు ఎక్కలేని మనిషి పైన ఉంది. మరోవైపు, కొత్త గడపలు దాటలేని మనిషి కింద ఉంది. పై వాటా కట్టింది కింది గోడల మీదే. ఇక్కడ మలుపుంటే అక్కడా మలుపే. వంటిల్లు మీద వంటిల్లు, గుమ్మం మీద గుమ్మం.

"టీచరమ్మగారూ, తిట్టడం అయ్యాక ఒక మాట వినండి. మీరు కిందికి రండి. మేం పైకి వెళతాం."

ఆవిడ అక్క వైపు చూసింది. "మరి మీ అక్క ఆ మెట్లు...?"

"నాకు పోయింది కళ్లండీ, మోకాళ్లు కాదు" అంది అక్క. అంటూనే వాకిట్లోకి నడిచి కటకటాలు పట్టుకుంది. నా భార్య వెంటపడితే, "వదులు, పిల్లా" అని విదిలించుకుని మెట్లెక్కింది.

కింద నిలబడి మేమంతా పైకప్పు వైపు చూస్తూ వింటున్నాం. అడుగుల చప్పుడు ముందుగదిలో తడబడింది, ఆగింది, మళ్లీ కదిలింది. వెనక గదికి వెళ్లింది. అక్కణ్నుంచి తడుముకోకుండా వంటింట్లోకి వెళ్లింది. ఎక్కడా ఏదీ పడ్డ చప్పుడు లేదు. తర్వాత పైనించి గొంతు వినబడింది.

"పొయ్యి దగ్గరి అర ఇక్కడా ఉందిరా!"

నా భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. టీచరమ్మ కూడా ముక్కు తుడుచుకుని, డాక్టరమ్మ వైపు తిరిగి, "ఏమీ అనుకోకమ్మా, బయానా కూడా ఇంకా తీసుకోలేదు కదా" అంది.

డాక్టరమ్మ ఫోను సంచిలో వేసుకుంది. "నిజం చెప్పాలంటే ఇల్లు కొనడానికి చెయ్యాల్సిన అప్పు తలుచుకుంటే నాకూ భయంగానే ఉంది. కొన్నాళ్లు క్లినిక్ అద్దెకి తీసుకుని చూస్తాను. కానీ ఇల్లు చూపించేవాళ్లు కావాలంటే పైనున్న ఆవిణ్నే పిలుస్తాను."

ఆవిడ వెళ్లాక టీచరమ్మా నేనూ మాటల్లో పడ్డాం. స్నేహం స్నేహమే, కాగితం కాగితమే. కొత్త అగ్రిమెంటు రాయాలన్నాను. రిపేర్లు ఎవరివి, నీటి ట్యాంకు కడిగించే ఖర్చు ఎవరిది, ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు మాకే చెప్పడం, అన్నీ అందులో ఉండాలన్నాను. ఆవిడ అన్నిటికీ ఒప్పుకుని, అద్దె దగ్గరికొచ్చి ఆగింది. ఇన్నేళ్లుగా పెంచనిదంతా కలిపి ఒకేసారి పెంచింది. బేరమాడటం నా రక్తంలో ఉంది. అయినా నోరెత్తలేదు. వేరే ఇంటికి మారే కూలీ, కొత్తచోట అడ్వాన్సు, అన్నిటికీ మించి ఆ మూల కుర్చీ, ఇవన్నీ ఒక పక్కన వేసి చూసుకుంటే ఆవిడ అడిగింది చవకే.

సామాను మార్చే రోజున కూలీలు మంచాలు, డబ్బాలు పట్టుకుని పైకీ కిందికీ ఎదురెదురు వెళుతున్నారు. నేనూ ఒక కూలీ కలిసి బీరువాను సగం మెట్లు ఎక్కించేసరికి దారి ఆగిపోయింది. పైనించి దిగుతున్న టీచరమ్మా, మాకన్నా ముందు ఎక్కుతున్న అక్కా మలుపు దగ్గర ఎదురుపడ్డారు. ముందు మీరంటే ముందు మీరనుకుని, ఎవరూ కదలకుండా చివరికి ఇద్దరూ ఆ మెట్టు మీదే చతికిలబడ్డారు. పై కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుందని, గొళ్లెం ఎలా వెయ్యాలో టీచరమ్మ చెబుతోంది. పొద్దుటి ఎండ కావాలంటే మంచం ఎటు వేసుకోవాలో అక్క చెబుతోంది.

"అక్కా, చేతులు పడిపోతున్నాయే" అన్నాను.

"దించరా కాసేపు" అంది అక్క, మాట ఆపకుండా. "కంగారేముంది? మనం ఎక్కడికీ పోవడం లేదుగా."

బీరువా దించి మేమూ మెట్ల మీద కూచున్నాం.