పొగ ఆగిన వారం

“హిల్డాకేం గుర్తుంటాయమ్మా, వంటా గిన్నెలూ తప్ప! నన్నడుగు, చెబుతాను,” అన్నాడు క్లిఫర్డ్, లైబ్రరీ నుంచి వచ్చిన అమ్మాయితో.

ఆ అమ్మాయి పేరు మోరీన్. ఊళ్లో బట్టల మిల్లులన్నీ మూతపడ్డాయి కదా, పాతరోజుల సంగతులు పెద్దవాళ్ల గొంతులోనే టేపుల మీద దాచాలని ఇంటింటికీ తిరుగుతోంది. హిల్డా ఆమెకు టీ పోసి, మొగుడికి పోసి, తను నిలబడే తాగుతోంది. క్లిఫర్డ్ మంచివాడే. చెయ్యెత్తలేదు, తాగి తూలలేదు. కానీ నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో జరిగినదంతా ఆయన ‘మేము’ అన్న మాటలోనే ఉంది, అందులో హిల్డా ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

“ఏటా వేసవిలో వేక్స్ వారమని సెలవులు. అది వచ్చిందంటే మిల్లులన్నీ ఒక్కసారే కట్టేసేవాళ్లు. పిల్లా జెల్లాతో ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ రైలెక్కడమే! మేము ఒక్క ఏడు కూడా తప్పలేదు. వారం రోజులూ కాలు మీద కాలేసుకుని సముద్రం చూడటమే పని,” అన్నాడు క్లిఫర్డ్.

ఎవరి కాలు మీద ఎవరి కాలు? హిల్డాకి నవ్వొచ్చింది. అక్కడ బస ఇచ్చే ఇల్లావిడ వండిపెట్టేది గానీ సరుకులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పొద్దున్నే మగవాళ్లు ఒడ్డున కుర్చీలు వాల్చుకుంటే, ఆడవాళ్లు కసాయి కొట్టు ముందు వరస కట్టేవాళ్లు. మాంసం, బంగాళాదుంపలు పొట్లం కట్టి, మీద పేరు రాసి ఇల్లావిడ చేతికివ్వాలి. ఆ తర్వాత పిల్లల ఇసుక మేజోళ్లు ఉతకాలి. ఇక్కణ్నుంచి బయల్దేరే ముందు ఇల్లంతా తోమడం సరేసరి. “దారిలో మనకేమన్నా అయితే, తలుపు తీసినవాళ్లు ఇల్లు చూసి ఏమనుకుంటారే?” అనేది అత్తగారు. చచ్చాక కూడా గచ్చు మెరవాలి మరి!

ఒక్క ఏడు కూడా తప్పలేదట. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

ఒక ఏడు, బయల్దేరే శనివారం నాడు హిల్డాకి ఒళ్లు కాలిపోయింది. “ఇప్పుడే రావాలా నీకు జ్వరం? అక్కడ సరుకులెవరు కొంటారు?” అంది అత్తగారు. క్లిఫర్డ్ నుదురు తాకి చూసి, “పడుకో. సోమవారం రైలుకి వచ్చెయ్,” అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, “పిల్లల బట్టలు సర్దేశావుగా?” అన్నాడు. సర్దేసింది.

ఆదివారానికే జ్వరం దిగింది. సోమవారం పొద్దున్న పెట్టె గుమ్మం దగ్గర పెట్టి, తాగిన కప్పు కడుగుదామని వంటింట్లోకి వెళ్లింది. కిటికీ వైపు చూసి అలాగే ఉండిపోయింది.

ఎదురుగా కొండ. అక్కడ కొండ ఉందని తెలియక కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ కిటికీలో బూడిదరంగు మబ్బులాంటిదేదో కనిపిస్తూనే ఉంది. మామూలు ఆదివారాల్లో మిల్లులు ఆగినా ఇళ్ల పొయ్యిలు మండేవి. ఇప్పుడు ఆ పొయ్యిలూ లేవు. మిల్లుల పొగగొట్టాల పైన ఆకాశం కడిగినట్టుంది. కొండంతా ఊదారంగు పూలు, అడ్డంగా పాకిన రాతిగోడలు, ఒక్కొక్క గొర్రె విడివిడిగా! పక్క మిల్లులో మగ్గాల మోత లేక, ఏటి నీళ్లు ఆనకట్ట మీంచి దూకే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది. ఇదంతా రోజూ ఇక్కడే ఉందా? నేను గిన్నెలు తోముతున్నంతసేపూ, నా ఎదురుగానే ఉందా? కళ్లు తుడుచుకుంది, మళ్లీ చూసింది.

రైలు వెళ్లిపోతున్న కూత వినిపించింది. హిల్డా రొట్టె ముక్క, జున్ను ముక్క గుడ్డలో కట్టుకుని కొండెక్కింది. పైనుంచి చూస్తే తను రోజూ తోమే గుమ్మం ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు. ఆకలేసినప్పుడు తింది. గాలికి జుట్టు రేగితే రేగనిచ్చింది. అంత పెద్ద ఆకాశం కింద తను ఎవరి కోడలో, ఎవరి తల్లో కాసేపు గుర్తు రాలేదు. మర్నాడూ ఎక్కింది. ఆ మర్నాడూ.

“మీరూ ఏదన్నా చెబుతారా అమ్మా?” అంది మోరీన్.

“ఆవిడేం చెబుతుంది? ఆ టీ చల్లారింది, కాస్త వేడిది తెచ్చిపెట్టు హిల్డా.”

హిల్డా కెటిల్ వైపు వెళ్లలేదు. కుర్చీ లాక్కుని టేపు మెషీన్ ముందు కూర్చుంది. “ఒక ఏడు నేను వెళ్లలేదమ్మా.”

“అవునవును, ఇప్పుడు గుర్తొచ్చింది!” క్లిఫర్డ్ ముఖంలో నిజమైన జాలి కనిపించింది. “జ్వరం! పాపం, వారమంతా ఒక్కతే మంచాన పడి ఉంది. సెలవంతా పోయింది దానికి.”

ఊఁ అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్లూ అదే సరిపోయింది.

“జ్వరం ఆదివారమే పోయింది క్లిఫర్డ్,” అంది హిల్డా. “పెళ్లయ్యాక నాకు దొరికిన సెలవు అదొక్కటే.”