తెల్ల జేబు

కత్తెర ఆగలేదు. పది మాత్రల రేకును ఆరు దగ్గర కత్తిరించి, కవరులో పడేసి, కిటికీ కింది సందులోంచి బయటికి తోశాడు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నెక్స్ట్." పిడి ఒరిసి ఒరిసి బొటనవేలి మొదట్లో కాయ కాచింది. ఆస్పత్రి మందుల గదిలో ఇరవై ఆరేళ్లు. అసలు పేరు జీతం కాగితాల మీదే మిగిలింది. అందరికీ అతను కత్తెర బాబాయే. గంటకు తొంభై మందిని పంపేస్తాడు. అందులో అతన్ని మించినవాడు లేడు.

ఇవాళ మాత్రం ప్రతి చీటీ అందుకునే ముందు తలెత్తి వరుస చివరిదాకా చూస్తున్నాడు.

"ఎవరి కోసం బాబాయ్, పిన్ని వస్తానందా?" పక్క కిటికీలోని అమ్మాయి అడిగింది.

"జేబుల మామ్మ. రెండో మంగళవారం కదా."

జేబుల మామ్మ ఒకప్పుడు బట్టలు కుట్టేది. అక్షరం ముక్క రాదు. అందుకని ఒక గుడ్డ మీద వరసగా జేబులు కుట్టుకుంది. ఏ రంగు మాత్రకు ఆ రంగు జేబు. పసుపుది బీపీకి, గులాబీది గుండెకు. కిటికీ ఎత్తు ఆమెకు అందదు. మునివేళ్ల మీద లేచి గుడ్డను సందులోంచి లోపలికి తోసేది.

పోయిన నెల బీపీ మాత్రల కంపెనీ మారింది. మందు అదే, రంగు తెలుపు.

"ఈ తెల్లదానికి జేబు లేదే నాయనా. ఇదెందుకు?"

"చీటీ మీద ఉంది చూసుకో మామ్మా. నీ వెనక లైను ఎంతుందో చూడు."

"చదువే వస్తే నీ కిటికీ దగ్గర నాకేం పని? నీ కుర్చీలో నేనే కూర్చునేదాన్ని."

వరుస నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే తర్వాతి చీటీ అందుకున్నాడు.

ఆ శుక్రవారం ఒక ముసలాయన పసుపుదీ తెల్లదీ అరచేతిలో పెట్టుకొచ్చి, రెండూ మింగాలా అని అడిగాడు. అప్పుడు తట్టింది. మామ్మ ఇంట్లోనూ పాత పసుపువి మిగిలే ఉంటాయి. ఆమె కార్డు వెతికాడు. ఫోన్ నంబరుంది. ఎదుట పాతిక మంది ఉన్నారు. సాయంత్రం చేద్దామనుకున్నాడు. సాయంత్రం మర్నాడైంది. చివరికి, వచ్చే నెల ఎలాగూ వస్తుందిగా అనుకున్నాడు.

ఇవాళ పన్నెండున్నరకు సందులోంచి ఆ గుడ్డ లోపలికి వచ్చింది. గుండె మీద బరువు దిగిపోయింది.

"వచ్చావా మామ్మా," అంటూ వంగి చూశాడు.

నడివయసు మనిషి. గోళ్ల సందుల్లో సున్నం.

"ఆవిడ కొడుకునండి. మిగిలిన మందులు తీసుకుంటారేమోనని వచ్చాను. పారేయడానికి మనసొప్పలేదు. గుడ్డ మాత్రం ఇచ్చేయండి, అమ్మ గుర్తు."

"ఆవిడ..."

"కళ్లు తిరుగుతున్నాయంటూనే ఉంది. స్నానాలగదిలో పడింది. తర్వాత నాలుగు రోజులే ఉందండి." గుడ్డ వైపు చూపించాడు. "మందులు మాత్రం ఒక్కపూటా మానలేదు. తెల్లవాటి కోసం కొత్త జేబు కూడా కుట్టుకుంది."

పసుపు జేబులో మాత్రలున్నాయి. పక్కనే తెల్ల జేబులోనూ ఉన్నాయి.

మాత్రలు తీసుకుని, గుడ్డ ఇచ్చి పంపేస్తే సరిపోతుంది. ఎవరూ అడగరు. అతను కత్తెర కింద పెట్టాడు. పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చి ఆ మనిషి ఎదురుగా నిలబడ్డాడు. మధ్యలో కిటికీ లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ రెండూ ఒకటే మందు బాబూ. ఏదో ఒకటే వేసుకోవాలి. మీ అమ్మ నన్నడిగింది. నేను చెప్పలేదు."

కొడుకు కిటికీలోంచి ఆ రెండు జేబుల వైపు చూశాడు.

"అడిగిందా?"

"అడిగింది."

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఒక దెబ్బ వేసినా బాగుండేది. మెట్లు దిగి ఎండలోకి వెళ్లిపోయాడు. గుడ్డ సంగతి ఎత్తలేదు.

అతను లోపలికెళ్లి తన కుర్చీ తెచ్చి కిటికీ బయట వేశాడు. వరుసలో ముందున్న ముసలాయన చేతిలోంచి చీటీ అందుకున్నాడు.

"కూర్చో పెద్దాయనా. ఇంట్లో పాత మందులేమైనా ఉన్నాయా? అన్నీ ఒక్కోటీ చూద్దాం."

"లైను కదలదా బాబాయ్ ఇవాళ?" లోపల్నుంచి అమ్మాయి అడిగింది.

"కదలదు."

లోపల బల్ల మీద గుడ్డ పరిచే ఉంది. తెల్ల జేబు కుట్లు మిగతావాటిలా తిన్నగా లేవు. చివర దారం మామ్మ తెంపకుండా వదిలేసింది, ఇంకో జేబుకు సరిపడేంత.