ఎర్ర డొప్పలు

నా మొగుడి అన్నకి, అదే మా బావకి, నా మోటారు బండి మీద కన్ను పడి ఆరు నెలలైంది. నిన్న గోల్ ఘర్ దగ్గర ఎత్తు రోడ్డు మీద అది ఆగిపోయిందని తెలియగానే, తెల్లారేసరికల్లా డిగ్నాబాద్‌లో మా గుమ్మం ముందు తేలాడు.

"సచ్చిపోయిన బండిని ఏటి సేసుకుంతావే కనకా? అవతలొడ్డున బాంబూఫ్లాట్‌లో ఒకడు కొంతానన్నాడు. ఫొటో సూపించేను. ఎర్రగా నిగనిగలాడతంది, బాగుందన్నాడు. పన్నెండు గంటల ఫెర్రీకి వొత్తాడు."

"మీ తమ్ముణ్ణి అడిగినావా?"

"ఆడు సముద్రం మీదున్నాడు. ఇంటికి పెద్దోణ్ణి నేను. ఆ డబ్బు లేకపోతే పడవకి కొత్త ఇంజినెవడు కొంతాడు, నువ్వా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కాగితాల్లో నా మొగుడి పేరు ఉంటే ఉండొచ్చు. బండిని కొన్నది నేను చేపలమ్మి. చేపల బుట్ట చూస్తే బస్సువాడు మొహం తిప్పుకుంటాడు. బండి పోతే నా బేరం పోయినట్టే. ఆ తర్వాత ఉప్పుకీ పప్పుకీ ఈయన చెయ్యి చూడాలి. ససేమిరా!

స్క్రూడ్రైవరు పట్టుకుని బండి పక్కన చతికిలబడ్డాను.

"అరే, పాగల్ హో గయీ క్యా? పిచ్చెక్కిందేటే? మెకానిక్కువా నువ్వు?" బావ పకపకా నవ్వాడు.

"అవును బావా. ఈ రోజు నుండీ."

సీటు తీశాను. ఎడమ పక్క ప్లాస్టిక్ డొప్పకున్న స్క్రూ ఉప్పుగాలికి తుప్పు పట్టి మొండికేసింది. కిరసనాయిలు పోసి కాసేపాగితే లొంగింది. డొప్ప మాత్రం కదల్లేదు. కోపంగా లాగాను. టప్‌మని లోపలి కొక్కెం విరిగింది.

"అయిపోయింది! ఆడికేటి సెప్పాలిప్పుడు?" బావ తల పట్టుకున్నాడు.

సందులో వేళ్లు పెట్టి చూశాను. వలదారం! డొప్ప క్లిప్పు ఊడితే, ఈ దీవులకి కొత్తది ఓడ మీద రావాలి కదా, అందాకా ఎవరాగుతారు? నా మొగుడు డొప్పని లోపలి నుంచి ఫ్రేముకి కట్టేశాడు, అదీ పడవని కట్టే ముడితో. ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఆ దారం కత్తితో కోస్తే డొప్ప ఊడి వచ్చింది. చేపల ఐసు నీళ్లు కారి కారి ఫ్యూజు దగ్గర వైరు చివరంతా చిలుం పట్టింది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, కిక్ కొట్టాను. మూడో కిక్కుకి బండి అందుకుంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం, ఇంకేమీ కాదు.

"అచ్ఛా! మరీ మంచిదైంది" అన్నాడు బావ చేతులు రుద్దుకుంటూ. "నడిసే బండికి రేటెక్కువొత్తాది. ఆ డొప్ప తగిలించీ. తాళం ఇలాగియ్యి."

అంటే, నేను బాగుచేసింది ఈయన అమ్ముకోవడానికా! బండి ఆపి, తాళం రవికలో దోపుకుని, మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాను. కుడి డొప్ప ఊడదీశాను. వెనక తోక డొప్ప ఊడదీశాను. హెడ్‌లైటు మీది ముసుగూ ఊడదీశాను. టాంకీ, ఇనుము, వైర్లు మిగిలాయి. వేలాడే వైర్లని వలదారంతోనే కట్టాను.

"ఏటే, ఏటి సేస్తన్నావ్? ఆడొచ్చేత్తాడు!"

"రానీ."

సీటు బిగించి, చేపల డబ్బా వెనక కట్టుకున్నాను. ఎర్ర డొప్పలన్నీ పోగేసి బావ చేతుల్లో పెట్టాను.

"ఫొటోలో ఆడికి నచ్చింది ఇయ్యే కదా బావా. అమ్ముకో."

ఈసారి ఒక్క కిక్కుకే అందుకుంది. జెట్టీకి చేపల పడవలు వచ్చే వేళైంది.