పెత్రమాస గారెలు

మా అవ్వ, అంటే అమ్మ, ఎవరినీ ఖాళీ కడుపుతో గడప దాటనివ్వదు. అందుకే లక్సెట్టిపేటలో కరీంనగర్ బస్సెక్కేలోపు ఆమెను వందసార్లు హెచ్చరించాను. బాపు కడుపులోకి గొట్టం వేసి చూస్తారు, రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు. బాపు నెలల తరబడి తిన్నదంతా కక్కుకుంటూ ఎండిపోతున్నాడు. ఆయన మళ్లీ నాలుగు ముద్దలు తినగలడా లేదా అన్నది ఈ పరీక్షతో తేలాలి.

ఆస్పత్రిలో గొట్టం వేసిన కాసేపటికే డాక్టర్ ఓంప్రకాశ్ బయటికొచ్చాడు. "కడుపు నిండ మక్కగింజల ముక్కలే. ఏం పెట్టిండ్రమ్మా?"

మక్కగారెలు, అవ్వ చేసే మొక్కజొన్న గారెలు! నాకు ఒళ్లు మండిపోయింది. "ఎంత చెప్పినా ఇనవా అవ్వా? పెట్టినవా?"

"నీ మీద ఒట్టు బిడ్డా, నీళ్లు గూడ ఇయ్యలే. పెత్రమాస నాడు తిన్నడు, గంతే."

చనిపోయిన పెద్దలకు పెట్టుకునే ఆ పెత్రమాస మొన్ననే అయింది. డాక్టర్ ముఖంలో కోపం పోయింది. అది పోవడం చూసి నాకు భయం వేసింది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. తిండికీ తిండికీ మధ్య కడుపు ఊరికే ఉండదట. ఉండుండి గట్టిగా కదిలి, మిగిలిందంతా పేగుల్లోకి ఊడ్చేస్తుందట. కడుపులోని ఆమ్లం పేగులోకి దిగడానికీ ఆ కదలికకూ సంబంధం ఉందట.

"బాపు ఏండ్ల సంది ఆమ్లం తగ్గనీకి గ్యాస్ గోలీలు మింగుతుండు. గందుకేనా సారూ? బంద్ జేస్తే మంచిగైతదా?" ఆశగా అడిగాను.

"ఆమ్లం తగ్గితే కదలిక జర మారొచ్చు. కానీ ఇంతగా ఆగిపోదు. షుగర్‌తోని నరాలు దెబ్బతిన్నట్టున్నయి. మొన్నటి తిండి అట్లనే ఉన్నదంటే..." ఆయన తల అడ్డంగా ఊపాడు. "పొద్దున తిన్నదైతే ఇంత పరేషాన్ లేకుండె."

అవ్వ లేచి డాక్టర్‌కు చేతులు జోడించింది.

"పెట్టిన సారూ. నేనే పెట్టిన. మిగిలిన గారెలు, పొద్దుగాల, బిడ్డకు తెల్వకుండ."

మిగిలిన గారెలు నిన్న మధ్యాహ్నమే నేను తినేశాను. ఒక్కటి కూడా లేదు. గిన్నె కడిగి బోర్లించింది అవ్వే. ఆమె చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. డాక్టర్ నావైపు తిరిగాడు.

"ఔ సారూ," అన్నాను. "నేను గూడ జూసిన."